తోడల్లుడి స్పాంజి

ఈ ఉదయం మా అమ్మాయి వచ్చి పెరట్లోని చేపల కొలనుకు ఏదో కొత్త యంత్రం బిగించి, నీళ్ళు బాగున్నాయో లేదో ఇకనుంచి ఫోనే చెబుతుందని దాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళింది. తొంగి చూస్తే అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఎనభైలలో ఈ దేశంలో ఇల్లు కొనుక్కుని, అవతలివాడి పెరడు చూసి నిద్రపట్టక దొర్లినవారు మీలో ఎవరైనా ఉంటే, నా బాధ వాళ్ళకే చెప్పుకోవాలి.

అప్పట్లో పిస్కాటవే అనే ఊళ్ళో నేను తవ్వించిన కొలను పడవ వేసుకుని తిరిగేంత ఉండేది, చేపలు మూరెడేసి. సరే, ఈ వయసులో అబద్ధమెందుకు; తవ్వుకున్నది నేనే, పడవంటే కాగితం పడవ, చేపలు బెత్తెడు దాటలేదు. ఆ ఆలోచనా నాది కాదు. రెండు వీధుల అవతల ఉండే మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, ముందు తవ్వాడు గనుక నేనూ తవ్వాను. అతని నీళ్ళు గాజులా ఉండేవి, నావి పాలకూర పప్పులా.

నా శ్రద్ధలో లోపమేమీ లేదు. ప్రతి శనివారం ఫిల్టరులోని స్పాంజిని గిన్నెలు తోమే సబ్బుతో తెల్లగా మెరిసేదాకా కడిగేవాణ్ణి. అతను మాత్రం కొలను పక్కన కుర్చీ వేసుకుని టీ తాగేవాడు. అప్పటికి చిన్నపిల్లైన మా అమ్మాయి అందరి ముందూ, "డాడీ, బాబాయ్ వాళ్ళ ఫిష్ కనిపిస్తుంది. మన ఫిష్ ఎప్పుడు కనిపిస్తుంది?" అనేది. మా ఆవిడ వెళ్ళి చెల్లెలి పక్కన వాళ్ళ కొలను గట్టునే కూర్చునేది. అది ఇంకా మంట.

మా తెలుగు చర్చి సంఘంలో ఆరాధన అయ్యాక ఆదివారం భోజనాలు ఒక్కో వారం ఒక్కొక్కరింట్లో. మా వంతు రానే వచ్చింది. నా చిన్నతనంలో గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు మా అమ్మ బిందెలో పటిక తిప్పితే, కాసేపటికి మన్నంతా దిగి నీళ్ళు తేటపడేవి. బిందెకు పనికొచ్చింది కొలనుకు పనికిరాదా అనుకుని, ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్టుకి డ్రైవ్ చేసుకెళ్ళి పటిక తెచ్చి, శనివారం సాయంత్రం ధారాళంగా కలిపాను. తెల్లారి చూస్తే నీళ్ళు నిజంగానే తేటపడ్డాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి.

"కనిపించాయి డాడీ," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

ప్రమాదం పసిగట్టి వెంటనే తోడల్లుడికి ఫోన్ చేశాను. కాదు, చేసింది మా ఆవిడ, నేను వద్దన్నాను. చేపలు పోతే పోనీ, అతను మాత్రం రాకూడదని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను. చర్చికని వేసుకున్న సూటుతోనే వచ్చాడు, క్లోరిన్ పోవడానికి నిలవ ఉంచుకున్న నీళ్ళు కారు నిండా వేసుకుని. సగం నీళ్ళు తోడి, అవి పోసి, పటిక పులుపు విరగడానికి ఇంత వంటసోడా కలిపాడు.

"పటిక బిందెకేనండీ, బిందెలో చేపలుండవు కదా," అని, నా స్పాంజి చేతిలోకి తీసుకున్నాడు. "అన్నయ్యగారూ, దీన్ని ఇంతలా ఎవరు క్లీన్ చేశారు?"

"నేనే. నీలాగా బద్ధకిస్తే ఎలా?"

"మీరు కడిగేస్తున్న మురికిలో ఉండే సూక్ష్మజీవులే మన పనివాళ్ళండీ. చేపలు పాడుచేసిన నీళ్ళని శుభ్రం చేసేది వాళ్ళే. మీరు వారంవారం వాళ్ళని లేఆఫ్ చేస్తున్నారు."

తన కొలనులోంచి తెచ్చిన నల్లటి జిగట స్పాంజిని నా ఫిల్టరులో పెట్టాడు. భోజనాల వేళకి చేపలు కిందికి దిగాయి. వచ్చినవాళ్ళంతా మా ఆవిడ కోడికూర కన్నా అతన్నే ఎక్కువ మెచ్చుకున్నారు. పాస్టరుగారు ప్రార్థనలో అతని పేరూ చేర్చారు. మరి కొన్ని వారాలకి నా నీళ్ళూ గాజులా అయ్యాయి గాని, ఎవరైనా బాగున్నాయంటే, అదంతా అతని స్పాంజి చలవే కదా అని ఆ మెప్పు నాకు గొంతు దిగేది కాదు.

ఇప్పుడు నీళ్ళు పాడైతే ఫోన్ చెబుతుంది, మందు పార్సిల్లో వస్తుంది, సూటు తడుపుకుంటూ ఎవరూ పరుగెత్తుకు రానక్కరలేదు. తోడల్లుడు మోకాళ్ళు సహకరించక ఇల్లమ్మేసి, ఎక్కడో దూరాన ఇర్వింగ్‌లో అపార్టుమెంటులో ఉంటున్నాడు. అక్కడ పెరడే లేదు. ఇన్నేళ్ళకి గెలుపు నాదని, కొలను ఫోటో పంపించి, ఉడుక్కుంటాడేమోనని ఫోన్ పట్టుకు కూర్చున్నాను.

"అద్దంలా ఉన్నాయి అన్నయ్యగారూ, చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది," అన్నాడు ఫోన్ చేసి.

ఆ గొంతులో ఈర్ష్య ఏ మూలైనా ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. పెరడు కూడా లేని మనిషి అంత హాయిగా ఎలా అనగలిగాడా అని, మళ్ళీ నాకే కడుపు మండింది.