ముచ్చటే గాని వార్త కాదు

దంతాలపల్లి అంగట్లో కూరగాయలమ్మే శోభారాణి గొంతు గురించి ముందుగా చెప్పుకోవాలి. జరిగిన అన్యాయమంతా ఆ గొంతుకే జరిగింది మరి. "రాండ్రి రాండ్రి, లేత బెండకాయ!" అని ఆమె కేకేస్తే అంగడి ఆ కొసన బేరమాడుతున్నవాళ్లు కూడా తల తిప్పేవారు. కేకదేముంది, అందరూ వేస్తారు. శోభారాణి ముచ్చట చెప్పేది. ఎవరి బర్రె ఈనింది, ఏ డాక్టరు సూది మెల్లగా వేస్తాడు, మానుకోట బస్సు ఎందుకు రాలేదు, అన్నీ చెప్పేది. పావుకిలో టమాటల కోసం వచ్చినవాళ్లు సంచి చేతబట్టుకుని అట్లాగే నిలబడిపోయేవారు. "నువ్వు కూరగాయలు అమ్ముతున్నవా, ముచ్చట్లు అమ్ముతున్నవా?" అని భర్త సోమనర్సయ్య వెక్కిరించేవాడు.

ఆ గొంతు దత్తాత్రేయ సారు చెవిన పడింది. జనగామలో కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. ఈయన మాత్రం ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టి ఊళ్లు తిరిగేవాడు. తెల్ల లాల్చీ, మెత్తని మాట. ఒకనాడు ఆమె బుట్టల ముందు గొంతుక్కూర్చుని అడిగాడు.

"శోభా, రేడియోల ఎవరి మాట వస్తది?"

"పట్నపోళ్లది."

"నీ మాట ఎందుకు రావొద్దు?"

శోభారాణి పకపకా నవ్వింది. "నా మాట వస్తే జనం రేడియో పలగ్గొడ్తరు సారు. సినిమాలల్ల మన మాట వినిపిస్తే నవ్వుడే గద."

"నవ్వేటోళ్లను నవ్వనీ. గాలి ఎవ్వని జాగీరు కాదు."

ఆ ఒక్క మాటకు పడిపోయింది ఆమె. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టే ఎప్పుడో చెప్పిందనీ, అయినా ఊరివాళ్లు సొంత రేడియో పెట్టుకోవాలంటే ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలనీ సారు విడమరిచి చెప్పాడు. లైసెన్సు వచ్చినా అందులో వార్తలు చెప్పకూడదట. పాటలు పాడుకోవచ్చు, పంటల గురించి చెప్పుకోవచ్చు, వార్త మాత్రం వద్దట. "గా రూలు కూడ మారాలె. మన ఊరి వార్త మనం చెప్పుకుంటే ఎవనికి నొప్పి?" అని సారే అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, అన్నది సారే.

ఇక చూడండి, కూరగాయల బుట్ట పక్కన పెట్టి ఊరూరూ తిరిగింది. దంతాలపల్లి నుంచి బయ్యారం దాకా ఆడవాళ్లను పోగుచేసి సంతకాలు పెట్టించింది. "మనకు పింఛన్లే దిక్కులేవు, గాలి ఎందుకే?" అన్నవాళ్లతో కూడా వేలిముద్ర వేయించింది. మహబూబాబాద్ కలెక్టరాఫీసు ముందు ఎర్రటెండలో కూర్చుని "గాలి ఎవ్వని జాగీరు?" అని ఆమె అరిస్తే "ఎవ్వని జాగీరు గాదు!" అని ఆడవాళ్లంతా అందుకునేవారు. ఢిల్లీలో మీటింగుకు కూడా సారు ఆమెనే తీసుకుపోయాడు. మీకు వార్తలెందుకమ్మా, టీవీలున్నాయి కదా అని అక్కడ ఒక ఆఫీసరు అడిగితే, "మా ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఏ టీవీల వస్తది సారు? గది నేను చెప్తే వార్తనా, ముచ్చటనా?" అంది. దత్తాత్రేయ సారు హిందీలో చెప్పేసరికి హాలంతా ఘొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వాడు. రూలు మాత్రం మారలేదు.

ఏళ్లు గడిచాక లైసెన్సు వచ్చింది, సంస్థ పేరు మీద. దంతాలపల్లిలో చిన్న గది, మీద టవరు. రోజూ పొద్దున "శోభక్క ముచ్చట్లు". ఆమె మైకు ముందు కూర్చుని "అవ్వా, లేచినవా?" అని పలకరిస్తే, ఇంట్లో వాకిలి ఊడుస్తున్న ముసలమ్మలు "లేచిన బిడ్డా" అని రేడియోకే జవాబు చెప్పేవారు. ఎవరూ నవ్వలేదు. తన మాట అచ్చంగా తన మాటలాగే గాలిలో పోతుంటే శోభారాణికి ఒళ్లు పులకరించేది. ఆమె బతుకులో అంతకన్నా పెద్ద సంబురం లేదు.

ఆ ఎండాకాలం యాసంగి పంట వడ్లు కొనుగోలు కేంద్రానికి వచ్చాయి. ఒక పొద్దున పక్కింటి పోశమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. కాంటా మీద తూకం సరిగ్గా ఉన్నా, లారీ మిల్లుకు చేరాక తరుగు అని చెప్పి మళ్లీ కోస్తున్నారట. తాలు లేదు, తేమ లేదు, ఉత్త పుణ్యానికి కోత. శోభారాణి కాంటా దగ్గరికి పోయి రైతుల మాటలు రికార్డు చేసింది. మర్నాడు రేడియోలో వినిపించింది. "గిది వార్త కాదు అవ్వా, మన ముచ్చటే. మన వడ్లు మిల్లుకు పోయేసరికి ఎట్ల తగ్గుతున్నయో ఇనుండ్రి" అంది. అంతే, మధ్యాహ్నానికి రైతులు లారీకి అడ్డం కూర్చున్నారు. మిల్లువాడు దిగొచ్చి, కోసినదంతా తిరిగి లెక్కలో కలిపాడు.

శోభారాణి పండగ చేసుకుంటుందనుకున్నారా? సారు పిలిపించాడు.

"గది వార్త, శోభా. లైసెన్సు రద్దయితది. నువ్వు కొన్నాళ్లు మైకు దగ్గరికి రాకు."

"గా రూలు తప్పని మీరే గద సారు ధర్నా చేయించిండ్రు?"

"ధర్నా వేరు, లైసెన్సు వేరు."

గొంతు పెంచకుండా, నవ్వు చెరగకుండా చెప్పాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కదూ! మర్నాటి నుంచి జనగామ అమ్మాయి తేజస్విని వచ్చి, చేమంతి సాగు గురించి కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది. పాపం ఆ పిల్ల తప్పేం లేదు.

మన పిచ్చిది అప్పటికీ సారును అనుమానించలేదు. పైగా ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుంది. "లైసెన్సు పోతే అందరికీ నష్టమే గద, సారు ఏం జేస్తరు?" అని పోశమ్మతో అంటే, పోశమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"నీకు నిజంగ తెల్వదా? గా మిల్లు సునీల్‌ది. సునీల్ మీ సారుకు సొంత బావమరిది. ఊరంత ఎరుకే. నీకు ఎరుకై కూడ గమ్మునున్నవనుకుంటున్నం అందరం."

శోభారాణి అక్కడే అరుగు మీద కూలబడింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయ్ అంటారు చూడండి, అదీ ఆమె గతి. మిల్లు సంగతి ఒక ఎత్తు, వేలిముద్రలు వేసిన ఆడవాళ్లు తనను కూడా ఆయన జతలో కట్టేశారన్నది ఇంకో ఎత్తు. అంగట్లో బుట్ట పెడితే కూరగాయలు కొంటున్నారు గానీ ఎవరూ నిలబడటం లేదు. ముచ్చట చెప్పబోతే "పనుందక్కా" అంటున్నారు. ఇంటికొచ్చి సోమనర్సయ్య ముందు వెక్కివెక్కి ఏడ్చింది.

అట్లా వానాకాలం వచ్చింది. అప్పుడు సారు ఫోన్ చేశాడు. భూపాలపల్లిలో మీటింగు ఉందట. కాళేశ్వరం దిక్కు ఊళ్ల ఆడవాళ్లు వాళ్లకూ ఒక రేడియో కావాలని జమైతున్నారట. "నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు. గా తెల్లారి నుంచి నీ ముచ్చట్లు మల్ల మొదలు పెడ్దం" అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అన్నట్టు, ఇంకో ఏరు అడ్డం రాగానే శోభ గుర్తొచ్చింది ఆయనకు.

"పోతవా?" అని సోమనర్సయ్య అడిగాడు.

"పోత. నా మైకు నాకు కావాలె" అంది. అబద్ధమెందుకు, మైకు మీద ఆశ ఆమెను తినేస్తోంది.

భూపాలపల్లి ఫంక్షన్ హాలు నిండిపోయింది. "అంగట్ల కూరగాయలమ్మిన గీ తల్లి ఇయ్యాల రేడియోల మాట్లాడుతున్నది!" అని సారు పరిచయం చేశాడు. మాట్లాడుతున్నదట! శోభారాణి మైకు పట్టుకుంది. ముందు వరసలో గోరీ అనే ముసలావిడ, తండా నుంచి వచ్చిన మనిషి, నోరు తెరుచుకుని ఆశగా తననే చూస్తోంది. ఆ ముఖం చూశాక శోభారాణికి అబద్ధం నోట రాలేదు.

"అక్కలారా, రేడియో వచ్చింది నిజమే. నేను మాట్లాడింది నిజమే. వడ్ల తరుగు ముచ్చట చెప్పిన. గది వార్త అన్నరు. నా నోరు మూసిండ్రు!"

హాలంతా చప్పట్లు. అందరికన్నా ముందు కొట్టింది దత్తాత్రేయ సారే. లేచి నిలబడి "రూలు మారాలె! సర్కారు దిగిరావాలె!" అని పిడికిలి ఎత్తాడు. ఆడవాళ్లంతా అందుకున్నారు.

శోభారాణి బిత్తరపోయింది. ఇదేంది, ఆయన మీద చెప్తే ఆయనే చప్పట్లు కొడుతున్నాడు? కాసేపటికి గాని తెలిసిరాలేదు. మన భాషలో మర్యాద అట్లా ఉంటుంది. పదిమంది కలిసి నోరు మూసినా "మూసిండ్రు" అనే అంటాం, పెద్దమనిషి ఒక్కడే మూసినా "మూసిండ్రు" అనే అంటాం. ఆమె ఎంత మండిపోతున్నా, ఇన్నేళ్ల అలవాటున నాలుక ఆయనకు మర్యాదే ఇచ్చింది. హాల్లో ఉన్నవాళ్లు సర్కారు మూసిందనుకున్నారు. ఆయన ఆ మర్యాద వెనక సుఖంగా నక్కాడు.

పక్కకు వచ్చి చెవిలో అన్నాడు కూడా, "మస్తు చెప్పినవ్ శోభా. రేపటి నుంచి మైకు నీదే."

రేపటి నుంచి మైకు! "అవ్వా, లేచినవా?" అని మళ్లీ పలకరించవచ్చు. ఊరకుంటే చాలు, ఇంకేమీ చేయక్కర్లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గోరీ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. రేపు ఈ ముసలావిడ కూడా ఊరూరూ తిరిగి వేలిముద్రలు వేయిస్తుంది, ఎవరి పేరు మీద లైసెన్సు వస్తుందో తెలియకుండానే.

శోభారాణి మైకును మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"జర ఆగుండ్రి అక్కలారా. నేనొక మాట తప్పు చెప్పిన." చెయ్యెత్తి ఆ తెల్ల లాల్చీ వైపు చూపించింది. "నా నోరు మూసిండ్రు అన్న. మూసిండ్రు కాదు. మూసిండు. సర్కారు కాదు, గీ దత్తాత్రేయ మూసిండు."