క్రోనోగ్రాఫ్ కంట్లో కుంకుమ

అరబ్బు దేశంలో అల్ ఖౌద్ దగ్గర నేను ఆఫీసు పని చూసిన షూటింగ్ క్లబ్బులో, మా యజమాని అర్బాబు రైఫిల్‌కు తూటాలు తయారుచేసే జగిత్యాల మనిషి ఒకాయన ఉండేవాడు. తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌ను తాకి రోజూ కళ్ళకద్దుకునేవాడు. దాన్ని ఎవరేమన్నా ఆయనకు కోపం.

దసరా మర్నాడు ఆ మిషను పిచ్చి అంకెలు చూపించింది. ఒకే తుపాకి మందు, ఒకే కొలత. అయినా ఒక తూటా విమానంలా పోయిందట, ఇంకోటి ఎడ్లబండిలా. తెల్లారితే పోటీ. తూటాలు కుదరకపోతే ఈయన్ని సోహార్‌లో సైట్ పనికి పంపేస్తానని అర్బాబు ముందే చెప్పాడు.

“మందే ఖరాబైంది అక్కా. మిషిన్‌ను ఏమనకు.”

“మిషన్ని అనక మీ అత్తగారిని అననా?” అంటూ వంగి చూశాను. తూటా నీడను పట్టే రెండు గాజు కళ్ళలో ఒకదాని నిండా పూజ కుంకుమ.

“కంట్లో బొట్టు పెడితే అదేం చూస్తుందయ్యా?”

కొంగు చివర ఉమ్మితో తడిపి తుడిచేశాను. ఆ తర్వాత పేల్చినవన్నీ దాదాపు ఒకే వేగం చూపించాయి. చూడటానికొచ్చిన అర్బాబు నవ్వాడు. ఈయన మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు.

“పూజ చేసినదానికి ఎంగిలి పెడ్తివి. మళ్ళ చెయ్యాలె.”

పోటీ అయ్యేదాకా ఆయన కుంకుమ భరిణె నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.