ఐసు రాని వారం

మా ఎదురింటి పిన్ని మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. సాయంత్రం చేతులు మండుతుంటే గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చేది. ఫ్రిజ్ తలుపు మీద మీట నొక్కగానే ఐసు ముక్కలు గలగలా రాలేవి. చిన్నపిల్లలా నవ్వేది.

ఒకరోజు ఐసు రాలేదు. "పాడైంది పిన్నీ," అని గుమ్మంలోనే చెప్పేశాను. ఖాళీ గిన్నెతో వెనక్కి వెళ్లిపోయింది.

వారం తర్వాత మెకానిక్ వచ్చాడు. "ఐసుకి నీళ్లొచ్చే ఫిల్టర్ ఆర్నెల్లకోసారి మార్చాలమ్మా, బోరునీళ్లకి పూడుకుపోయింది," అంటూ కొత్తది బిగించాడు. మళ్లీ ఐసు పడగానే పిన్నికి గిన్నెడు తీసుకెళ్లాను.

"వద్దులే అమ్మాయ్. రోజూ వస్తుంటే ఎవరికైనా విసుగేగా," అంది పిన్ని.

నిజంగానే పాడైందని ఎంత చెప్పినా తల ఊపింది గానీ నమ్మలేదు. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ సాయంత్రం లోపలికి పిలిచి ఖాళీ ఐసు ట్రే చూపించి ఉంటే ఎంత బాగుండేది!