కట్టేసిన గిన్నెలు

అనుమానం మా ఇంట్లో పుట్టిన గుణం. మాది ధర్మవరం మగ్గాల ఇల్లు. పట్టు ఎవరు తెచ్చినా నాయన వెలుతురుకు పట్టి రెండుసార్లు చూసిగానీ లోపలికి రానిచ్చేవాడు కాదు. గాలి కరెంటు కంపెనీకి నేను పెద్దనయ్యాక కూడా కిందివాళ్ళ కాగితాలు అలాగే చూసేవాణ్ణి. ఆ జాగ్రత్తను ఎవరైనా మెచ్చుకుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. దానికి కారణం కుందుర్పి దగ్గరి ఒక గుట్ట.

ఎనభైలలో నా మొదటి ఉద్యోగం గాలిని కొలవడం. ఆ గుట్ట మీద పొడుగాటి ఇనప కంబం పాతించి, దాని కొసన గాలికి తిరిగే మూడు గిన్నెలు పెట్టించాను. అవి రోజూ ఎన్ని చుట్లు తిరిగాయో కింద పెట్టెలో అంకె పడేది. దాన్ని పుస్తకంలో ఎక్కించి సంతకం చెయ్యడానికి ఊళ్ళోని ఒక గొర్రెల కాపరిని పెట్టాను. ఏడాదిపాటు ఒక్క రోజు తప్పకుండా అంకెలుంటేనే అక్కడికి గాలిమరలు వస్తాయి. తప్పితే గుట్టా పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది.

ఆషాఢం ముగిసిన మర్నాడే ఆ నెల పుస్తకం నా చేతికి వచ్చింది. నెలంతా సున్నాలే. ఆ నెలలో అక్కడి గాలికి ఒంటి మీద పంచె నిలవదు. నాకు ఒళ్ళు మండింది. గొర్రెలు తోలుకుని ఎటో పోయి, ఇంటికొచ్చి సున్నాలు చుట్టాడనుకున్నాను. ఈ కాపరి నమ్మదగ్గవాడు కాదు, తీసెయ్యండి అని ఆఫీసుకు ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాను. చెప్పాపెట్టకుండా జీపులో వెళ్ళాను.

అతను కంబం మీదే ఉన్నాడు. గిన్నెలకు చుట్టిన తాడు విప్పుతున్నాడు. దొంగ చేతికి చిక్కాడనుకున్నాను. దిగేదాకా ఆగి, ఎవరి దగ్గర ఏం తిని ఈ పని చేశావని అడిగాను.

అతనికి కోపం రాలేదు. "వాన లేకపాయ సార్. ఈ గిన్నెలు తిరిగి మోడాలను తరుముతాండాయని ఊరోళ్ళు గడ్డపారలు తెచ్చినారు. వాన పడేదాకా కట్టేస్తానని ఒప్పిచ్చినా. నిన్న పడె, ఈపొద్దు విప్పుతాండా. కట్టకుంటే నీకు కంబమే మిగిలేది కాదు."

నేను నమ్మలేదు. ఊళ్ళోకి వెళ్ళి నాలుగిళ్ళలో అడిగాను. అందరూ అదే చెప్పారు. వాన పడింది చూడు, కట్టేసినందుకే అని ఒక ముసలమ్మ నాకే బుద్ధి చెప్పింది.

అప్పుడు నాకు సిగ్గు వెయ్యాలి. వెయ్యలేదు, భయం వేసింది. జీపులో కూర్చుని, ఒక ఖాళీ పుస్తకం తీసి, ముందు నెల అంకెలనే కాస్త పెంచీ కాస్త తగ్గించీ ఆషాఢమంతా నింపాను. మళ్ళీ గుట్టెక్కి అతన్ని సంతకాలు పెట్టమన్నాను. అతను పుస్తకం పేజీ పేజీ తిప్పి చూశాడు.

"నేను కట్టినానంటాండా. నువ్వు తిరిగినాయంటాండావు. దీంట్లో నా పేరు యాడ పెట్టేది సార్?"

పుస్తకం నా చేతికిచ్చి గొర్రెల దగ్గరికి పోయాడు. అతని సంతకం మూడే వంకర అక్షరాలు, నేర్చుకోవడం కష్టం కాలేదు. రోజుకొకటి చొప్పున నెలంతా నేనే పెట్టేశాను. గుట్ట ఖాయమైంది. నా ఎదుగుదలంతా అక్కణ్ణించే మొదలైంది.

ఆ సాయంత్రం తిరిగి వస్తూ కుందుర్పిలో పోస్టు డబ్బా దగ్గర జీపు ఆపించాను. పొద్దున రాసిన ఉత్తరం జేబులోనే ఉంది. అతనికన్నా నమ్మదగ్గవాడు దొరకడని అప్పటికి నాకు బాగా తెలుసు. ఉత్తరం డబ్బాలో వేశాను.