సక్కుబాయి అమ్మమ్మ పాటలు

కార్వాన్‌లో మా గల్లీ ఆడవాళ్లకు పాటంటే ఎంత గౌరవమంటే, కట్టిన మనిషి చచ్చిపోయి ఉంటే తప్ప దాన్ని నోట పలకరు. అగరబత్తులు చుట్టే సక్కుబాయికి ఈ సంగతి 1967లో తెలిసింది. ఆ ఏడు బతుకమ్మ మొదటి రోజున కొత్త పాట ఎత్తుకుని, తనే కట్టానని మురిసిపోతూ చెప్పింది. పక్కింటి నీలమ్మ చప్పట్లు ఆపేసింది.

"నువ్వు గట్టినవా? అయితే నువ్వే పాడుకో!"

మిగతావాళ్లూ ఆపేశారు. అగరబత్తులు చుట్టుకునేదానికి పాటలెందుకని గల్లీ చివరిదాకా నవ్వులు. సక్కుబాయి ఇంటికి పోయి ఏడ్చింది. కానీ మర్నాడు పుల్లకు ముద్ద పట్టించి పీట మీద రుద్దుతుంటే, పుల్లకో చరణం చొప్పున మళ్లీ పాట వచ్చేసింది. ఆమెకు రాయడం రాదు. నీలమ్మ ఇంటికీ తన ఇంటికీ మధ్య ఉన్న గోడకు వీపు ఆనించి, ఒక్కో చరణం పదిసార్లు గట్టిగా పాడుకుంటేనే గుర్తుండేది.

మరుసటి ఏడు ఆమెకు తెలివొచ్చింది. "ఇది మా అమ్మమ్మ పాట. పాతది," అంది. గల్లీ అంతా భక్తిగా అందుకుంది. "పాతకాలపోళ్లు మస్తు కట్టిండ్రే!" అని నీలమ్మ కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది.

అప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు, ఏడాదికో పాట. అమ్మమ్మ బాలవ్వ ఎప్పుడో నైజాం రోజుల్లోనే పోయింది. పోయిన మనిషి ఏటా ఠంచనుగా కొత్త పాట కడుతుంటే మా గల్లీలో ఒక్కరమూ ఇదేందని అడగలేదు.

1985 బతుకమ్మకు విఠల్‌రావు గారు టేపు రికార్డరుతో దిగారు. జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్న పెద్దమనిషి. ఆడవాళ్లు ఆడుతుంటే ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"బిందెలొచ్చె గాని ఉయ్యాలో
నల్లా రాకపాయె ఉయ్యాలో"

"ఎంత ప్రాచీనం!" అన్నారు ఆయన. "ఎవరిదమ్మా ఈ పాట?"

సక్కుబాయి ఆట ఆపి ముందుకొచ్చింది. ఒక్కసారి, ఒక్క కాగితం మీదైనా తన పేరు పడాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

"నాది సార్. అన్నీ నేనే కట్టిన."

"జానపదాన్ని ఎవరూ కట్టరమ్మా. అది దానంతటదే పుడుతుంది."

"మరి గీ నల్లా? మా గల్లీకి నల్లా పంపు వచ్చి ఏడేండ్లే గద సార్!"

"నల్లా అంటే ఇక్కడ కాకతీయుల నాటి కాలువ," అని ఆయన రాసేసుకున్నారు. అనుమానం తీరక నీలమ్మను సాక్ష్యం అడిగారు.

"మొదటి సంది వాళ్ల అమ్మమ్మదే అంటది సార్," అంది నీలమ్మ, ఎటో చూస్తూ.

ఆ ఆటలోనే ఉన్న నాకు ఒళ్లు మండింది. అయినా నేనూ నోరు మెదపలేదు. చదువుకున్నవాడి ముందు నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

మరుసటి ఏడు వేసవిలో 'బాలవ్వ పాటలు' పుస్తకమైంది. సభ పెట్టారు. బాలవ్వ ఫొటో లేకపోవడంతో ఎవరో ముసలామె బొమ్మ గీయించి దండ వేశారు. మనవరాలు కదా అని సక్కుబాయిని మైకు ముందుకు పిలిచి, అమ్మమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

సక్కుబాయి ఆ బొమ్మ వంక చూసింది.

"మా అమ్మమ్మ పుట్టుమూగ," అంది.

సభ బిగుసుకుపోయింది. విఠల్‌రావు గారు మాత్రం క్షణంలో తేరుకున్నారు. "చూశారా! మాట రాకపోయినా ఇన్ని పాటలు కట్టిన మహాతల్లి!" చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఆ ఏడు సక్కుబాయి పీట మీద పుల్లలే చుట్టింది. పాట కట్టలేదు. బతుకమ్మ వారం రోజుల్లో పడుతుందనగా నీలమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"ఏందే, గోడ అవతల సప్పుడే లేదు?"

"మా అమ్మమ్మ సచ్చిపోయింది," అంది సక్కుబాయి తల ఎత్తకుండా.

నీలమ్మ గోటితో నేల గీకింది. "పద్దెన్మిదేండ్ల సంది ఇంటున్ననే. పాట నీ నోట్లె పుట్టంగనే నాకు ఎర్క. నీదని ఒప్పుకుంటే, గప్పుడు నవ్వినందుకు నీ ముంగట తల దించాలె. గందుకే ఒప్పుకోలే."

సక్కుబాయి కోపంతో చేతిలో పుల్ల విరిచేసింది. ఇంకో పుల్ల తీసుకుంది. నీలమ్మ వెళ్లిపోయాక చాలాసేపటికి గోడ అవతలికి సన్నగా పాట వినపడింది.

బతుకమ్మ మొదటి రోజున సక్కుబాయి పాట ఎత్తుకుంది. ఎవరిదో చెప్పలేదు. గల్లీకి కొత్తగా వచ్చిన కోడలు ఒకతె నీలమ్మ చెవిలో, "ఎవరి పాట అత్తా?" అని అడిగింది.

నీలమ్మ చప్పట్లు ఆపలేదు. అందరికీ వినపడేలా, "గీ సక్కుబాయిది," అంది. "బతికే ఉన్నది, సూడు."