ఉప్పు వేయని కూర

మా ఊరి వంట ఏదో తేల్చడానికి ఐదుగురు మగవాళ్ళు లైబ్రరీ హాల్లో మూడుసార్లు కూర్చున్నారు. ఊరూరా తిరిగే వంటల ప్రదర్శన మా ఊరికీ వస్తోందట. జనం ముందు పొయ్యి పెట్టి, ఈ ఊరిదే అనిపించే వంట ఒకటి చేసి చూపించాలట. మూడోసారికి వాళ్ళకి మా వదిన గుర్తొచ్చింది. ఆవిడ పోయిన నాలుగు నెలలకి.

వదినంటే మా ఆయన అక్క. గాజు ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఒక్క ఏళ్ళు వండింది. చేతిలో గరిట లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు కాబట్టి అందరికీ గరిటమ్మ. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే వంటగది పక్క గదిలో ఉండేది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు మాత్రం అమ్మ తర్వాత అమ్మ. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు ఉల్లిపాయలు తరుగుతూ పేపరు చదవడం నేర్పింది ఆవిడే.

ఫ్యాక్టరీకి కూరగాయలన్నీ ఒకే బండిలో వచ్చేవి. తొక్క తీసిన కండ ఆఫీసర్ల మెస్సుకి, తొక్కలు క్యాంటీన్‌కి. మెస్సు మేనేజరు ఎంగిలిచేత్తో కాకినైనా తోలడు. తొక్కల సంచీ గుమ్మంలో పడేసి "మీవాళ్ళకి ఇవి చాల్లే గరిటమ్మా" అనేవాడు. వదిన ఆ సంచీ లోపలికి లాక్కునేది. ఆ బంగాళాదుంప తొక్కల్నీ సొరకాయ తొక్కల్నీ మూడు నీళ్ళు కడిగి, ఉత్త పెనం మీద అంచులు నల్లబడేదాకా వేయించి, పప్పులో వేసి ఉడికించేది. ఆ వాసనకి మెస్సు కిటికీలు కూడా తెరుచుకునేవి.

కానీ గిన్నెలో ఉప్పు వేసేది కాదు. కొలిమి దగ్గర నిలబడేవాళ్ళకి ఒంట్లో ఉప్పంతా చెమటగా పోతుంది. గేటు దగ్గర ముసలాయనకేమో రక్తపోటు. అందరికీ ఒకే ఉప్పు ఎలా సరిపోతుంది? అందుకని వడ్డించేటప్పుడు మనిషిని చూసి అరచేతిలో పెట్టేది. కొలిమివాళ్ళకి నిండు చిటికెడు, గాజు సర్దే ఆడవాళ్ళకి సగం, ముసలాయనకి రెండు రవ్వలు.

"ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయంటారు కదా వదినా" అన్నాను ఒకసారి.

"పొద్దున్నించీ కొలిమి దగ్గర కాలినోళ్ళకి నాతో గొడవపడే ఓపిక ఎక్కడుందే పిల్లా!" అంది.

రుచి చూపించమని ఆ ఐదుగురి కమిటీ నన్ను పిలిచింది. వదిన చేసినట్టే చేసి తీసుకెళ్ళాను. కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు? ఆ మెస్సు మేనేజరే. ఇప్పుడు కమిటీ పెద్ద.

"ఏవమ్మా, ఉప్పు మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ. చెయ్యి పట్టండి."

పక్కన హోటల్ వంటాయన పకపకా నవ్వాడు. "స్టేజీ మీద జనం చేతుల్లో ఉప్పు పెడతామా మేడమ్? మందుబిళ్ళలు పంచుతున్నామా?"

"అసలు తొక్కలంటేనే జనం ముఖం తిప్పుకుంటారు" అన్నాడు మేనేజరు. "కండ వేద్దాం. పైన కాస్త మీగడ. ఉప్పు గిన్నెలోనే పడాలి. పేరు మాత్రం గరిటమ్మ కూరే, అట్ట మీద పెద్దక్షరాలతో రాయిస్తా. ఈయన వండుతాడు, నువ్వు పక్కన నవ్వుతూ నిలబడు, చాలు."

చాలు. మళ్ళీ అదే మాట. గిన్నెకి మూత పెట్టుకుని బయటికొచ్చాను. ఇంటికొచ్చి అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు రెండు గిన్నెలు సొట్టలు పెట్టాను.

"పోనీలేవే, అక్క పేరు నలుగురికీ తెలుస్తుందిగా" అన్నారు మా ఆయన.

"పేరు మీ అక్కది, కూర మెస్సుది. ఆవిడ నోట్లోని ముద్ద తీసుకున్నది చాలక పేరూ కావాలా వాళ్ళకి?"

ప్రదర్శన రోజు పొద్దున నేను తొక్కలు వేయిస్తుంటే ఆయనే వచ్చి పక్కన కూర్చుని పప్పు ఏరారు.

హాలు నిండింది. హోటలాయన తెల్ల టోపీ పెట్టుకుని కండ వేశాడు, మీగడ వేశాడు, ఉప్పు గుప్పెడు పోశాడు. చప్పట్లు. ముందు వరసలో కొలిమివాళ్ళు ఎనిమిదిమంది, చేతుల మీద పాత కాలిన మచ్చలతో. వాళ్ళకి పళ్ళాలు అందాయి. మొదటాయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అలవాటుగా కుడి అరచెయ్యి చాపాడు. పక్కాయనా చాపాడు. ఎనిమిది చేతులు.

"ఉప్పు వేశాం పెద్దాయనా, తినండి!" అన్నాడు మేనేజరు.

మొదటాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం కింద పెట్టేశాడు. "ఇది మెస్సు కూర సార్. మా కూర ఏదీ?"

నేను నవ్వుతూ నిలబడాల్సిన చోటు నుంచి కదిలాను. బల్ల మీద వదిన పేరు రాసిన అట్ట తీసి సంచీలో పెట్టుకున్నాను.

"ఏవమ్మా, ఏం చేస్తున్నావ్?"

"మీ కూరకి మీ పేరు పెట్టుకోండి. మీకు అది చాలు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంటి నుంచి తెచ్చిన గిన్నె మూత తీసి, ఆ ఎనిమిదిమందికీ వడ్డించాను. మిగతా హాలంతా మీగడ కూరే తిన్నది, బాగుందన్నది. అననీ. నేను ఒక్కొక్క చేతిలో నిండు చిటికెడు పెట్టుకుంటూ వెళ్ళాను. వెనక మేనేజరు కేకలేస్తున్నాడు.

ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయట. రానీ వదినా.