టీసీ కోసం వచ్చిన డంపర్ ఆపరేటర్

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరుచుకున్న ఏడాది. గోదావరిఖనిలో, గని కార్మికుల క్వార్టర్ల పక్కనున్న చిన్న ప్లేస్కూల్లో నేను టీచర్ని. ఒకరోజు పొద్దున్నే శ్రీకాంత్ వచ్చాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్, అంటే మట్టి మోసే పెద్ద లారీ, నడుపుతాడు. నాలుగేళ్ల కూతురు మనస్వి మా దగ్గరే చదువుతోంది.

"మేడం, బిడ్డ టీసీ ఇయ్యుండ్రి. వేరే బడిల ఏస్త," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"ఏమైందన్నా?"

"ఏమైతది! పక్క క్వార్టర్ల పిలగాడు నూరు దాకా గడగడ చెప్తుండు. మా పిల్లను ఏం నేర్చుకున్నవే అంటే బ్రిడ్జి కట్టిన అంటది. ఇది బడా, మేస్త్రీ పనా?"

మా దగ్గర యూనిట్ బ్లాక్స్ ఉంటాయి. ఒకే కొలత లెక్కన కోసిన చెక్క ముక్కలు. రెండు పొట్టివి కలిపితే సరిగ్గా ఒక పొడుగుది. పేరుస్తూ పోతే సమానం, సగం, ఎక్కువ, తక్కువ అన్నవి పిల్లలకు చేతులతోనే తెలిసొస్తాయి. ఇదంతా ఆయనకు వివరించబోయాను. ఆవులించాడు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడట.

లాభం లేదని పిల్లనే పిలిచాను. "మనస్వీ, డాడీకి నంబర్లు చెప్పు."

"వన్, టూ, త్రీ, సెవెన్, టెన్!" అని ధైర్యంగా చెప్పి, తనకు తానే చప్పట్లు కొట్టుకుంది.

శ్రీకాంత్ నా వైపు చూసిన చూపుకు టీసీ పుస్తకం తీద్దామని బీరువా వైపు నడిచాను. ఈలోగా మనస్వి ఒక చేత్తో బొమ్మ డంపర్ పట్టుకుని, ఇంకో చేత్తో తండ్రి చెయ్యి పట్టి లాగింది. "డాడీ, నా బ్రిడ్జి కిందికెల్లి నీ డంపర్ పోవాలె. రా!"

ఆయన చాప మీద కూలబడ్డాడు. ఒక పక్క పొడుగు ముక్క, ఇంకో పక్క పొట్టి ముక్క నిలబెట్టి పైన ఇంకో చెక్క అడ్డంగా పెట్టాడు. అది జారి బొమ్మ డంపర్ మీద పడింది.

"గట్ల కాదు డాడీ. గీ పొట్టిదాని మీద ఇంకో పొట్టిది పెట్టు. అప్పుడు రెండు సమానమైతయ్."

పెట్టాడు. నిలబడింది. కానీ డంపర్ మధ్యలో ఇరుక్కుంది. బ్రిడ్జి కాళ్లు దూరం జరిపితే పైన చెక్క చాల్లేదు. చుట్టూ మూగిన పిల్లల్లో ఒకడు జాలిగా అడిగాడు: "అంకుల్, మీకు రాదా?"

అంతే, ఆయన చొక్కా చేతులు మడిచాడు. అప్పుడే భార్య ఫోన్.

"టీసీ తీసుకున్నవా?"

"జర ఆగు, స్లాబ్ ఏస్తున్న."

"ఏం స్లాబ్?"

"మమ్మీ, డాడీకి నేను నేర్పిస్తున్న!" అని మనస్వి అరిచి, అలమారు దగ్గరికి పరిగెత్తింది. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఆనించి చూసి, అన్నిటికన్నా పొడుగుది ఏరి తెచ్చింది. ఈసారి డంపర్ దాటింది. పిల్లలందరి కంటే ఆయనే గట్టిగా అరిచాడు. పైన ఇంకో అంతస్తు వేద్దామన్నాడు. పిల్లలకు అన్నం టైమైందని చెప్పి ఆయన్ని లేపాల్సి వచ్చింది.

"నూరు దాకా ఇంట్ల నేనే చెప్పుకుంట తియ్యుండ్రి మేడం," అంటూ టీసీ ఊసెత్తకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు భార్య వచ్చింది. "ఆయనతోని కాదని నేనే వచ్చిన మేడం. టీసీ ఇయ్యుండ్రి."

ఆటలో లెక్క ఎక్కడుందో నోటితో చెప్తే పెద్దవాళ్లకు ఎక్కదని అప్పటికి నాకు తెలిసింది. అందుకే వాదించలేదు. "కూసో అక్కా," అని చాప చూపించి, చెక్క ముక్కల డబ్బా ఆమె ముందుకు జరిపాను.